పెళ్లిబొమ్మ లేని గుడ్డ

9 జూలై 1944, ఆదివారం. పుంగనూరు

ఆరాధన అయ్యాక పాస్టరు గారు నన్నూ కృపావతినీ ఆపారు. వచ్చే జనవరి ఇరవై ఒకటికి మా పెళ్లయి ఇరవై ఐదేళ్లు నిండుతాయట. ఆ తేదీ ఆదివారమే పడిందట. సంఘం తరఫున స్తోత్ర కూడిక పెడదాం అన్నారు. నాకు సంతోషమైంది. కృపావతి చెప్పులు వేసుకుంటూ, అంత దూరం ఆలోచన ఎందుకండీ అంది.

సువార్త మదనపల్లె నుంచి వచ్చి ఉంది. మాకు మిగిలింది అదొక్కతే. మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగు. కూడిక మాట విన్నదే తడవు, గోడకు వేలాడదీసే పొడుగాటి గుడ్డ మీద మీ ఇద్దరి ముఖ్యమైన రోజులన్నీ వరసగా కుట్టండి అని పట్టుకుంది. నాయన గీయాలట, అమ్మ కుట్టాలట. తర్వాత గుడ్డ తనకే ఇవ్వాలట. ఆసుపత్రిలో ఒక దొరసాని గదిలో అలాంటిది చూసిందట.

కృపావతి మా స్కూలు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతుంది. నేను హెడ్మాస్టరునే గానీ డ్రాయింగు లోయర్ గ్రేడు పాసైనవాణ్ణి. పని మాకు తగిందే.

12 జూలై, బుధవారం

పలక మీద రాసి చూపించాను. పెళ్లి. సువార్త పుట్టడం. నాకు హెడ్మాస్టరు పని రావడం. స్కూలుకు పెంకులు వేయించడం. ఇన్‌స్పెక్టరు మెచ్చుకోవడం.

కృపావతి చదివి, "ఇది మీ స్కూలు చరిత్ర. ఇందులో నేను యాడుండా?" అంది. నవ్వుతూనే అంది. పలక తుడిచేసింది. రోజులు తానే ఎంచుతుందట.

16 జూలై, ఆదివారం

మొదటి బొమ్మ చెప్పింది. కుప్పం స్టేషను.

నేను ఆశ్చర్యపోయాను. అది 1922. పెళ్లయిన రెండేళ్లకు. నాకు రామకుప్పంలో పని. కాట్పాడిలో టీచర్ల మీటింగుకు ఇద్దరం బయలుదేరాం. దారిలో ఎద్దులబండి సీల ఊడిపోయింది. మేం కుప్పం చేరేసరికి రైలు వెళ్లిపోయింది. సాయంత్రం దాకా ఇంకో బండి లేదు. పగలంతా ప్లాట్‌ఫారం మీద కూర్చుని వేరుశనక్కాయలు తిన్నాం. అంతే. అది నేను అందరికీ చెప్పి నవ్వించే కథ.

అయినా గీశాను. రైలు లేని పట్టాలు, బెంచీ, మూట, ఇద్దరు మనుషులు. నా బొమ్మ ఆమెకు నచ్చలేదు. కూర్చున్నట్టు గీశాను. పడుకున్నట్టు గీయమంది. అవును, నేను కాసేపు నిద్రపోయానప్పుడు.

23 జూలై, ఆదివారం

రెండోది ఎలుగుబంటి.

రామకుప్పం స్కూలు అప్పుడు పూరిపాక. చూరుకు తేనెపట్టు పట్టింది. ఒక సాయంత్రం ఎలుగుబంటి వచ్చి సరిగ్గా గుమ్మంలో కూర్చుంది. ఇద్దరం టేబులు ఎక్కి నిలబడ్డాం. దాన్ని బెదరగొట్టాలని అరవబోయాను. నోట్లోంచి పదమూడో ఎక్కం వచ్చింది. ఆపలేకపోయాను. ఎక్కం మొత్తం చెప్పాను. ఎలుగుబంటి వినీ వినీ లేచి వెళ్లిపోయింది. కృపావతి టేబులు మీదే కూలబడి నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వగలదని అప్పటిదాకా నాకు తెలియదు.

గీస్తుంటే ఇవాళ కూడా నవ్వింది. నవ్వాక దగ్గు వచ్చి చాలాసేపు ఆగలేదు.

6 ఆగస్టు, ఆదివారం

నిన్న మదనపల్లె వెళ్లాను. దారాల అంగడి అబ్దుల్ వహాబు దగ్గర పట్టుదారం కోసం. పట్టంతా పారాచూట్లకని సర్కారువాళ్లే ఎత్తుకుపోతున్నారట. లేదు లేదు అంటూనే లోపలికి వెళ్లి కాస్త తెచ్చాడు. "ఇదేం మంచి సరుకు కాదు అయ్యవారూ. తెగింది, పురి సరిగా లేనిది. అమ్మ సేతికిస్తే అదే బాగయితాది పో" అన్నాడు. గుడ్డ మాత్రం ఇంట్లోనే ఉంది. దొరసాని ఒకామె దేశం వెళ్లిపోతూ ఇచ్చిన తెల్ల లినెన్. ఇన్నాళ్లూ దానికి తగిన పని దొరకలేదట కృపావతికి.

రోజూ స్కూలయ్యాక వసారాలో కూర్చుంటున్నాం. నేను పక్కన పేపరు చదువుతాను. ఆమె కుడుతుంది. యుద్ధం ఎక్కడెక్కడ నడుస్తుందో చదివి వినిపిస్తాను. ఆమె ఊఁ కొడుతుంది.

20 ఆగస్టు, ఆదివారం

మూడోది గీయడానికి వారం పట్టింది. మొదట నేను ఒప్పుకోలేదు.

సమూయేలు పోయిన సంవత్సరం. మూడేళ్లు వాడికి. కోరింతదగ్గు. సమాధి చేసి వచ్చాక కృపావతి మంచం దిగలేదు. సువార్త అయిదేళ్ల పిల్ల, తల్లి దగ్గరికి వెళ్లడానికే భయపడేది. ఒక రోజు నాకేం తోచక నూనె గిన్నె, దువ్వెన పట్టుకుని ఆమె వెనక కూర్చున్నాను. తల చిక్కులు పడి అట్టగట్టి ఉంది. కొంచెం కొంచెంగా తీశాను. జడ అల్లడం నాకు రాదు. మోకులాగా వచ్చింది. ఆ మోకుజడతోనే ఆమె లేచి పొయ్యి ముట్టించింది.

ఇది చర్చిలో నలుగురూ చూస్తారు, హెడ్మాస్టరు పెళ్లాం తల దువ్వుతున్నాడంటారు అన్నాను. అననీ అంది. సమూయేలు బొమ్మ గీయనా అని అడిగాను. వద్దు, వాని మొగం దారంతో కుట్టేది కాదు అంది.

చివరికి ఆమె వీపు, జడ, నా రెండు చేతులు మాత్రం గీశాను. చేతులు బాగా కుదిరాయి.

3 సెప్టెంబరు, ఆదివారం

నాలుగోది సువార్త ట్రైనింగుకు బయలుదేరిన రోజు. బస్సు, పెట్టె, చెయ్యి ఊపుతున్న పిల్ల. రెండేళ్ల కిందటి సంగతే. పిల్లకు సంబంధం చూద్దామని నేనన్నప్పుడు కృపావతి నా మీద గొంతు పెంచింది. మా కాపురం మొత్తంలో అదొక్కసారే. ఇంట్లో గెలిచింది ఆమే. అందుకే ఆ బొమ్మ కావాలందనుకున్నాను.

10 సెప్టెంబరు, ఆదివారం

ఇక పెళ్లి గీస్తాను, గుడ్డ మొదట్లో చోటు వదిలావా అని అడిగాను. వదల్లేదంది. పెళ్లి అక్కర్లేదంది.

మన రజతోత్సవానికి పెళ్లిబొమ్మ లేకపోతే ఎలా? నాకు కోపం వచ్చింది. ఆమె సూది కింద పెట్టి లోపలికి వెళ్లింది.

12 సెప్టెంబరు

మళ్లీ అడిగాను. చెప్పలేదు.

17 సెప్టెంబరు, ఆదివారం

చెప్పింది. చెప్పినట్టే రాస్తాను. లేకపోతే రేపటికి నేనే మార్చుకుంటానేమో.

"ఆ పెండ్లి మీది. నాది కాదు" అంది.

బోర్డింగు స్కూల్లో చదువుతుండగా మదనపల్లె మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ ఆమెను నర్సు ట్రైనింగుకు తీసుకుందట. "పెట్టె సర్దుకోనుంటి. నాయన గుడుపల్లె నుంచి వచ్చె. మొగోళ్ల గాయాలు కడిగిన పిల్లను ఎవురు సేసుకుంటారు అని మేనత్తలంతా ఆయన సెవిలో పోసినారు. ఆ పెట్టెతోనే నన్ను కుప్పం చర్చికి తోలుకోని పాయ."

నాకెప్పుడూ చెప్పలేదే అన్నాను.

"మీరు అడగలే."

పెళ్లిలో ఆమె తలెత్తలేదు. సిగ్గనుకున్నాను. ఇన్నేళ్లూ సిగ్గనే అనుకున్నాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేనే ఆగలేదు. మరి స్టేషను బొమ్మ ఎందుకు అని అడిగాను.

"కాట్పాడిలో దిగినాక మీరు మీటింగుకు పోతారు గదా. నేను మదనపల్లె బండి ఎక్కాలనుకోనుంటి. ఎప్పుడొచ్చినా సోటుండాది అనిండె డాక్టరమ్మ. నా తోడబుట్టిన సంతోషక్కకు ఒక్కదానికే సెప్పింటి. ఆ పొద్దు రైలు తప్పిపాయ. మీరు మీ అమ్మ సంగతి ఎత్తినారు. ఆయమ్మ పోయినప్పుడు మీకు తొమ్మిదేండ్లు. తమ్మునికి సంగటి కెలికేదానికి కుండ అందక రాయి ఎక్కి నిలబడతాంటినని సెప్పినారు. సెప్పి సెప్పి, నా మూట మింద తల పెట్టి నిద్రపోయినారు. నోరు తెరుసుకోని. సాయంత్రం బండి వచ్చె. టికెట్లు నా కొంగులోనే ఉండె. మిమ్మల్ని లేపకుండా ఎక్కేసిండొచ్చు."

దారం కొన పంటితో తెంపింది.

"లేపితిని. అదే నా పెండ్లి."

18 సెప్టెంబరు

ఆమె వెళ్లిపోవాలా వద్దా అని ఆలోచిస్తుంటే నేను నోరు తెరుచుకుని నిద్రపోతున్నాను. ఆ కథ చెప్పి నలుగురినీ నవ్వించాను. చెప్పినప్పుడల్లా ఆమె అక్కడే ఉండేది. కాఫీ ఇచ్చేది.

21 సెప్టెంబరు

స్కూల్లోనే ఉండిపోతున్నాను. లెక్కల పరీక్ష పేపర్లని చెప్పాను. పేపర్లు లేవు.

26 సెప్టెంబరు

వసారాలో ఒక్కతే కూర్చుని కుడుతూంది. ఎలుగుబంటి అయిపోయింది. చాలా బాగుంది. బాగుందని చెప్పలేదు.

1 అక్టోబరు, ఆదివారం

చర్చికి రాలేనంది. అలసటట. నా మీద అలిగిందనుకున్నాను. అలిగితే నేనలగాలి గానీ ఆమె ఎందుకు అనుకుని ఒక్కణ్ణే వెళ్లాను. వచ్చేసరికి వంట కాలేదు. ఆమె గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. అలాగే నిద్రపోతూందట ఈమధ్య, పడుకుంటే ఊపిరి ఆడక. ఆ మాట నాతో ఎందుకు చెప్పలేదు? నేనెక్కడున్నాను చెప్పడానికి.

8 అక్టోబరు, ఆదివారం

సువార్త వచ్చింది. గడప దాటకుండానే తల్లి కాళ్లు చూసింది. వంగి వేలితో నొక్కింది. గుంట పడింది, లేవలేదు. పిల్ల ముఖం మారిపోయింది.

"నాయనా, ఎన్నాళ్లుగా ఉండాది ఈ వాపు?" అని అడిగింది.

నాకు తెలియదు. ఒకే ఇంట్లో ఉన్నాను, తెలియదు.

10 అక్టోబరు, మంగళవారం. మదనపల్లె

పెట్రోలు దొరక్క బొగ్గు మీద నడిపే బస్సులో తీసుకొచ్చాం. ఎత్తు వచ్చిన చోటల్లా దిగి మేం నెట్టాం. కృపావతిని దించలేదు. గుండె జబ్బు. చిన్నప్పటి కీళ్ల జ్వరం గుండెకు పాకి ఉంటుందట. డాక్టరు నన్ను పక్కకు పిలిచి ఇంగ్లీషులో చెప్పారు. సువార్త నాకంటే ముందే అర్థం చేసుకుని కిటికీ వైపు తిరిగింది.

ఆడవాళ్ల వార్డులో మంచం ఇచ్చారు. తెల్లగా ఉతికిన దుప్పటి. కృపావతి దిండ్లకు ఆనుకుని వార్డు అంతా చూసింది. నర్సులు మందుల ట్రేలు పట్టుకుని తిరుగుతున్నారు. ఒక్కొక్కరినీ చూసింది.

"ఈడికి వచ్చేదానికి నాకు ఇన్నేండ్లు పట్టె" అంది.

15 అక్టోబరు

ఇకనుంచి శనివారాలు స్కూలయ్యాక వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్లాలనుకున్నాను. గుడ్డ తెమ్మంది. తెచ్చాను. దువ్వెన బొమ్మలో నా చేతులు కుడుతూంది. ఒక వేలు కుట్టి ఆయాసపడి ఆగుతుంది. ఈ గోళ్లెందుకు గీసినారు, పని పెరిగింది అని విసుక్కుంది.

29 అక్టోబరు, ఆదివారం

ఇవాళ ఆమే అంది. "పెండ్లి గీయండి. మీరు సూసినట్టే గీయండి. నేను కుడతా."

పెన్సిలు తీశాను. కుప్పం చర్చి గుమ్మం గీశాను. నన్ను గీశాను, ఆ పొడుగు కోటు, తలపాగా. ఆమెను గీయాలి. తల వంచుకున్న పెళ్లికూతురు. నేను చూసింది అదే. పెన్సిలు కదలలేదు. ఆ వంచిన తల లోపల ఏముందో ఇప్పుడు నాకు తెలుసు.

రబ్బరుతో అంతా చెరిపేశాను. వద్దులే, నీ నాలుగూ చాలు అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకోలేదు, ఏడవలేదు. "అట్లయితే నాకు కొంచెం నిద్రొస్తాండాది" అని కళ్లు మూసుకుంది. ముఖం తేటగా ఉంది. సాయంత్రం బస్సు వదిలేసి రాత్రి వరండాలో పడుకున్నాను.

12 నవంబరు, ఆదివారం

నువ్వు వెళ్లి ఉంటే మంచి నర్సువి అయ్యేదానివి అన్నాను. ఈ మాట అనడానికి పొద్దుటి నుంచీ కూడగట్టుకున్నాను.

"అయ్యుంటి" అంది. వెంటనే అంది.

తర్వాత చాలాసేపటికి, అప్పుడు సువార్త ఉండేది కాదు అంది. సమూయేలు కూడా.

ఒక మాట అడగాలనుకున్నాను. నన్ను లేపినందుకు ఎప్పుడైనా బాధపడ్డావా అని. పక్క మంచం ఆమె వింటూంది. వచ్చే వారం అడుగుతాను.

18 నవంబరు, శనివారం

స్కూలుకు సెలవు పెట్టి మొదటి బస్సు ఎక్కాను. దారిలో బొగ్గు చల్లారిపోయి బస్సు ఆగింది. డ్రైవరు మళ్లీ ముట్టించేసరికి ఎండ ఎక్కింది. నేను రోడ్డు పక్కన రాతి మీద కూర్చుని వేరుశనక్కాయ చేలు చూస్తున్నాను. అప్పటికే కృపావతి లేదు. సువార్త డ్యూటీలో ఉంది, తల్లి కళ్లు తనే మూసింది.

20 నవంబరు

మదనపల్లెలోనే సమాధి చేశాం.

3 డిసెంబరు, ఆదివారం. పుంగనూరు

స్కూలుకు వెళ్తున్నాను. పాఠం చెప్తున్నాను. పిల్లలు అల్లరి చెయ్యడం లేదు. చేస్తే బాగుండును.

10 డిసెంబరు

అబ్దుల్ వహాబు మదనపల్లె నుంచి వచ్చాడు. వేరే పనుండి వచ్చానన్నాడు. ఏ పనో చెప్పలేదు. వసారాలో కూర్చున్నాడు. పోయేటప్పుడు, దారం సరిపోయినాదా అయ్యవారూ అని అడిగాడు. మిగిలిందన్నాను. అతని కళ్లల్లో నీళ్లు చూసి నేను లోపలికి వెళ్లిపోయాను.

27 డిసెంబరు, బుధవారం. కుప్పం

సువార్తకు సెలవు దొరికితే ఇద్దరం సంతోషమ్మ వదినె ఇంటికి వచ్చాం. కృపావతికి అక్క. మోకాళ్లు పట్టేసి సమాధికి రాలేకపోయింది.

గుడ్డ విప్పి మంచం మీద పరిచాను. నాలుగో బొమ్మ సువార్త కుట్టింది. అది ఎడమచేతి వాటం పిల్ల, కుట్లు అటు వాలి ఉన్నాయి. వదినె ఎలుగుబంటిని చూసింది, జడ చూసింది. స్టేషను దగ్గర ఆగిపోయింది. సువార్త నీళ్లకు వెళ్లేదాకా నోరు విప్పలేదు.

"నీకు సెప్పిందా అప్పా?"

చెప్పింది అన్నాను.

వదినె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అప్పుడు రామకుప్పంలో మా ఇంటికి వచ్చి ఉంది వదినె; ఆ రోజు తెల్లారి లేచి చెల్లెలికి దారి కోసం అన్నం మూట కట్టిచ్చింది తనేనట. ఒకరికి సరిపడా ఎక్కువ కట్టిందట, మదనపల్లె దాకా రావాలని.

ఆమెను అడగలేని మాట వదినెను అడిగాను. ఉండిపోయినందుకు బాధపడిందా?

వదినె నన్ను తేరిపార చూసింది. "నీకు నచ్చేటట్ల సెప్పమంటావా, ఉండేది సెప్పమంటావా?"

ఉండేది చెప్పమన్నాను.

"ఒగోసారి అవుననేది. ఒగోసారి లేదనేది. సమూయేలు పోయిన యేడు శానా తూర్లు అవుననింది. నువ్వు జడేసినావంట గదా, దాని తర్వాత ఆ మాట ఎత్తలే. మళ్లా సువార్త ట్రైనింగుకు పోయినాక ఈడికొచ్చి, రోజంతా అదే మాట. అంతే అప్పా. మనిషి గదా."

ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. కృపావతి గురించి నిజం ఒకటి నా చేతికి దొరికినట్టనిపించింది. అది బరువుగానే ఉంది. దించాలనిపించలేదు.

14 జనవరి 1945, ఆదివారం. పుంగనూరు

పాస్టరు గారు ఇంటికి వచ్చారు. కూడిక ఆపొద్దు, ఆమె జ్ఞాపకార్థం పెడదాం అన్నారు. మంచి మనిషి. గుడ్డ చూశారు. చూసి, వివాహ దినం లేదేమిటి హెడ్మాస్టరు గారూ, మరి దేవునికి స్తోత్రం దేనికి చెల్లిస్తున్నట్టు అన్నారు.

ఈ నాలుగింటికీ అన్నాను.

ఆయనకు నచ్చలేదు. ఆ పూట ఇంటికి వచ్చి ఉన్న సువార్తను అడిగారు, కావాలంటే ఈ వారంలో నువ్వయినా కుట్టగలవేమో అని. నాయన గీయందే నేను కుట్టలేనండి అంది సువార్త. దానికెంత తెలుసో నేను అడగలేదు. తల్లి దానికి చెప్పే ఉంటుంది.

21 జనవరి, ఆదివారం

చర్చి నిండింది. గుడ్డను పాస్టరు గారి బల్ల వెనక గోడకు వేలాడదీశారు. మా స్కూలు పిల్లలు ఎలుగుబంటిని చూసి కిసకిస నవ్వారు. పెద్దవాళ్లు ఉష్ ఉష్ అన్నారు. నవ్వనివ్వండి అన్నాను. పెళ్లి బొమ్మ యాడుండాది అని ఆడవాళ్ల వైపు నుంచి గుసగుసలు వినిపించాయి.

సాక్ష్యం చెప్పమన్నారు. ముందే తయారు చేసుకున్నాను. లేచి నిలబడితే ఒక్క ముక్కా గుర్తు రాలేదు. ముప్పై ఏళ్లుగా పిల్లల ముందు మాట్లాడేవాణ్ణి.

"కృపావతి నాతో ఉండింది" అన్నాను. కూర్చున్నాను.

4 ఫిబ్రవరి, ఆదివారం

సువార్తకు సంబంధం అంటూ పెద్దమనుషులు వచ్చారు. పిల్లవాడు రైల్వేలో క్లర్కట. పిల్లకు ట్రైనింగు ముగియనీ, తర్వాత పిల్లనే అడగండి అన్నాను. పిల్లను అడిగేదేముందప్పా, నిన్ను గదా అడుగుతాండేది అన్నారు. అడిగేది ఉంది అన్నాను. వాళ్లు కాఫీ ముట్టకుండా లేచి వెళ్లిపోయారు.

కృపావతి నవ్వు వినిపిస్తుందేమోనని వంటింటి వైపు చూశాను.